చుక్కకి గడి లేదు

గట్టెక్కితేనే సిగ్నలు.
అందుకని మా సబ్‌సెంటరు
మూడింటి తర్వాత ఏటిగట్టు మీద నడుస్తుంది,
కొబ్బరి మట్టల నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ.
కాకరలంక జనమంతా
నా ఒళ్ళోని ఈ పలక లోపల
పద్నాలుగేసి అంకెల మనుషులు.

అమలాపురంలో ట్రైనింగిచ్చారు.
ఏసీ హాలు, సమోసా, తెర మీద తాళంకప్ప బొమ్మ.
"రోగి వివరం రోగి సొత్తు. అడక్కుండా ఎవరూ చూడకూడదు,
చూస్తే చట్టం ఊరుకోదు" అన్నాడు కుర్రాఫీసరు.
మంచి మాట. చప్పట్లు కొట్టాను కూడా.

లంకకొచ్చాక ఆ అడగడం ఇలా ఉంది:
నాలుగు పేజీల ఇంగ్లీషు, అడుగున 'అంగీకరిస్తున్నాను'.
ఎదురుగా పంపన సూర్యకాంతం,
చంకలో పిల్ల, నెత్తిన గడ్డిమోపు.
"ఏదోటి నొక్కెయ్యండి సిస్టరమ్మా, పంటెళ్ళిపోద్ది."
నొక్కాను.
ఆ నెల్లో మూడొందల పన్నెండు మంది తరఫున
అంగీకరించింది
నా కుడిచేతి చూపుడువేలొక్కటే.

తిడదామంటే నోరు రాదు లెండి.
శ్రావణంలో ఎర్రనీళ్ళొచ్చి లంక మునిగినప్పుడు
కుడుపూడి ధర్మయ్యని రబ్బరు పడవలో వేసుకుపోయారు.
మాట పడిపోయింది. వెంట అయినవాళ్ళొక్కరు లేరు.
నాలుగేళ్ళ కిందట ఓ సూదికి ఒళ్ళంతా దద్దుర్లు లేచి
ఊపిరందక గిలగిల్లాడాడని
ఎక్కడో కాకినాడలో, ముక్కూమొహం తెలీని డాక్టరమ్మకి
ఎవరు చెప్తారు?
పలక చెప్పింది.
ఎత్తిన సూది ఆవిడ దించేసిందట.

అదే వరదకి సెంటరు గదిలో నడుంలోతు నీళ్ళు.
ముప్ఫయ్యేళ్ళ రిజిస్టర్లు
గట్టు మీద వడియాల్లా ఆరబోశాను.
సిరా కారిపోయి
పుట్టినోళ్ళూ పోయినోళ్ళూ ఒకటే నీలం.

నూకరత్నం పేరు మాత్రం ఆనవాలు దొరికింది,
పక్కన ఎర్ర చుక్క ఉంది గనక.

చుక్కంటే, ఇంట్లో తెలియకూడదు.
నాకు ముందు పనిచేసిన మరియమ్మ సిస్టరు నేర్పింది.
ఇద్దరాడపిల్లలయ్యాక, మగాడు పుట్టేదాకా కనమని అత్తింటోళ్ళు.
ఓ మధ్యాహ్నం ఆ పిల్ల పాలక్యానుతో వచ్చి
"పోలియో చుక్కలకని చెప్పొచ్చానండి" అని
కాపర్-టీ వేయించుకుని, అదే క్యానుతో వెళ్ళిపోయింది.
మూడేళ్ళు ఆ చుక్క కిక్కురుమనలేదు.

పలకలో చుక్కకి గడి లేదు.
ఖాళీ వదిలితే ముందుకి కదలదు.
ఫోన్ నంబరుకి గడి ఉంది.
ఇంటికొకటే ఫోను,
రొయ్యల చెరువు కాడ మొగుడి చొక్కా జేబులో.
ఓ సాయంత్రం ఏరేటర్ల హోరులో
ఆ జేబు ఒక్కసారి వణికింది:
మీ కుటుంబ నియంత్రణ సేవ నమోదైనది, ధన్యవాదములు.

పై వారం వచ్చింది,
ఎడమ చెంప మీదికి కొంగు లాక్కుని.
తీసెయ్యమంది.
తీస్తున్నంతసేపూ కప్పుకేసి చూస్తూ పడుకుంది.
లేచాక ఒక్కటే అడిగింది:
"తీసినట్టు కూడా అందులో రాయాలాండీ?"

ఫిర్యాదుకి దారుంది, చట్టంలోనే ఉంది.
నంబరు కొడితే ఓటీపీ వస్తుంది.
ఓటీపీ
ఆ జేబుకే వస్తుంది.

ఇప్పుడు నా సంచిలో పది రూపాయల నోట్‌బుక్కు,
ఒక ఎర్ర రీఫిల్లు.
పేర్లుండవు. ఇంటి గుర్తులు, చుక్కలు.
ఇది నేరమో కాదో కుర్రాఫీసర్ని అడగలేదు.
అడిగితే అదీ నమోదవుతుందేమో.

ఇవాళ గట్టు మీద రెండు గీతల సిగ్నలు.
పలకలో సున్నా గిర్రున తిరుగుతోంది.
పంటు దిగి ధర్మయ్య కర్రపొడుచుకుంటూ వచ్చి
పక్కన చతికిలబడ్డాడు.
"నా సంగతంతా అందులో భద్రంగా ఉందాండి?"
"ఉంది బాబాయ్."
అన్నానే గానీ
చెయ్యి సంచి లోపల ఉంది,
పుస్తకం మీద.